మేనల్లుడికి: విమానం కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఒకే ఇంజన్ ఉన్న పిలాటస్ పీసీ-12 తీసుకోవాలా, టీబీఎం తీసుకోవాలా, పాతదైనా రెండు ఇంజన్ల కింగ్ ఎయిర్ సీ90 మేలా అని అడిగావు. ముందు స్పీడు సంగతి తేల్చేద్దాం. టీబీఎం 960 గరిష్ఠంగా 330 నాట్లు (గంటకు సుమారు 610 కిలోమీటర్లు), పీసీ-12 ఎన్‌జీఎక్స్ 290 నాట్లు (సుమారు 537 కిలోమీటర్లు) పోతాయి. రాజమండ్రి నుంచి హైదరాబాద్ గాల్లో 360 కిలోమీటర్లు. అంత దూరానికి రెండింటికీ తేడా ఐదారు నిమిషాలు. దానికోసం పీసీ-12 వెనకున్న పెద్ద కార్గో తలుపునీ, కేబిన్ జాగానీ వదులుకోకు. కింగ్ ఎయిర్‌కి రెండో ఇంజన్ ధైర్యం ఉంది, నిజమే. కానీ ఇంజన్, ప్రొపెల్లర్ ఖర్చు ప్రతిదీ రెండింతలు.

నేను భయపడేది ఉప్పుగాలి గురించి. రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ మోటార్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో నీకు నేను చెప్పాలా? ఈ మూడింటిలో ఉన్నదీ పీటీ6 అనే టర్బైన్ ఇంజనే. నువ్వు వైజాగ్, చెన్నై వెళ్ళినప్పుడల్లా అది సముద్రపు గాలి పీలుస్తుంది. ఆ ఉప్పు కంప్రెసర్ (ఇంజన్‌లోకి వచ్చే గాలిని నొక్కే భాగం) బ్లేడ్ల మీద పేరుకుంటే అదే పవర్‌కి టెంపరేచర్ పెరుగుతుంది. మిగతా ఉప్పు లోపలికి పోయి, ఇంధనంలోని గంధకంతో కలిసి టర్బైన్ బ్లేడ్లను తినేస్తుంది. బ్లేడ్లు మార్చాలంటే బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి.

అందుకే తీరం వైపు తిరిగిన రోజు ఆఖరి ఫ్లైట్ అయ్యాక కంప్రెసర్ వాష్ చేయించు. ఇంజన్ ఆపాక కనీసం 40 నిమిషాలు చల్లారనివ్వాలి. తర్వాత ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి, స్టార్టర్‌తో తిప్పుతూ నీళ్ళు కొట్టాలి. స్టార్టర్‌ని ఎంతసేపు తిప్పొచ్చో మాన్యువల్లో ఉంటుంది, అది దాటకూడదు. చివర్లో ఇంజన్ స్టార్ట్ చేసి తడి ఆరబెట్టాలి. మన బోరు నీళ్ళు మాత్రం వద్దే వద్దు బాబూ. ఉప్పు కడగడానికి ఉప్పునీళ్ళు పోసినట్టే. డీమినరలైజ్డ్ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు) డబ్బాలు ఎప్పుడూ హ్యాంగర్‌లో ఉండాలి. ఈ పని మానకుండా చేసే ఇంజనీరు దొరికాకే విమానం వెతుకు.

పాత విమానం చూస్తే, "తక్కువ గంటలు తిరిగింది" అన్న మాటకి పడిపోకు. పదిహేనేళ్ళలో కొద్ది గంటలే తిరిగిందంటే ఎక్కువ కాలం కదలకుండా పడి ఉందన్నమాట, లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. చాలా పీటీ6 మోడళ్ళకి 3,600 గంటలకు ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) అంటారు, కానీ ప్రొపెల్లర్‌కి గంటలతోపాటు క్యాలెండర్ గడువు కూడా ఉంటుంది. బోరోస్కోప్‌తో (లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా) హాట్ సెక్షన్, అంటే ఇంజన్‌లో మంట, టర్బైన్ ఉండే భాగం, చూపించు. చక్రాలు ముడుచుకునే గూళ్ళు, బ్యాటరీ పెట్టె అడుగు, ఎయిలరాన్ (రెక్క చివర కదిలే పలక) కీళ్ళు టార్చ్ వేసి నువ్వే చూడు. అమ్మేవాడి మెకానిక్‌తో కాదు, నీ మనిషితో తనిఖీ చేయించు.

అమెరికా నుంచి వచ్చే విమానంలో సిరియస్ ఎక్స్‌ఎం అనే అక్కడి సర్వీసుతో శాటిలైట్ వాతావరణం స్క్రీన్ మీద వస్తుందని మురిపిస్తారు. ఆ సర్వీసు మన దేశంలో పనిచేయదు. వైశాఖంలో సాయంత్రం పూట క్యుములోనింబస్ (ఉరుములు, మెరుపుల) మబ్బులు లేచినప్పుడు నిన్ను కాపాడేది విమానం ముక్కులోని రాడారే. అది లేనిది కొనకు. గగన్ (జీపీఎస్ లెక్కను సరిదిద్దే మన దేశపు శాటిలైట్ వ్యవస్థ) సిగ్నల్ అందుకునే జీపీఎస్ ఉందో లేదో కూడా అడుగు.

ఇంకొకటి. ప్రైవేటు కేటగిరీలో రిజిస్టర్ చేస్తే కిరాయికి తిప్పకూడదు. స్నేహితులు "ఇంధనం ఖర్చులిస్తాం, తిరుపతి తీసుకెళ్ళు" అన్నా ఒప్పుకోకు.

లాగ్‌బుక్కులు మొదటి పేజీ నుంచీ స్కాన్ చేయించి పంపు, ఇంజన్ ట్రెండ్ రికార్డులు (ఇంజన్ టెంపరేచర్, పవర్ ఎలా మారుతూ వచ్చాయో రాసిన లెక్కలు) ఉంటే అవి కూడా. నేను చూసి ఫోన్ చేసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య