ప్రొఫైల్‌లో అడ్డేం లేదు, సిగ్నల్ మాత్రం 15 డీబీ తక్కువ: సమాధానం

రెండు టవర్ల మధ్య వైర్‌లెస్ లింక్‌కి ప్రొఫైల్ (దారిలో నేల ఎత్తుల గ్రాఫ్) గీస్తే అడ్డేం కనపడలేదు, అయినా సిగ్నల్ లెక్క కంటే 15 డీబీ (డెసిబెల్) తక్కువ వస్తోంది, ఎందుకని అడిగారు. దాదాపు ఖాయంగా ఫ్రెనెల్ జోన్ (రెండు యాంటెన్నాలని కలిపే గీత చుట్టూ సిగ్నల్‌కి కావాల్సిన ప్రదేశం) సమస్యే అండి. 20 కిలోమీటర్ల లింక్, 5.8 గిగాహెర్ట్జ్, మధ్యలో కొబ్బరితోటలు, గీత ఎక్కడా నేలకి తగలట్లేదు అన్నారు కదా, గీత తగలకపోతే చాలదు, దాని చుట్టూ కూడా ఖాళీ ఉండాలి.

1. లింక్ మధ్యలో మొదటి ఫ్రెనెల్ జోన్ రేడియస్ 16 మీటర్లు. కనీసం 60 శాతం, అంటే 10 మీటర్లు ఖాళీగా ఉండాలి.

2. భూమి వంపు: కే విలువ (గాలిలో సిగ్నల్ ఎంత వంగుతుందో చెప్పే అంకె) 4/3 పెడితే మధ్యలో నేల 6 మీటర్లు పైకి ఉబ్బినట్టు లెక్క.

3. అందరూ వదిలేసేది ఇదే, చెట్లు. మీరు వాడిన ఎస్‌ఆర్‌టీఎం డేటా (నేల ఎత్తుల మ్యాప్) 2000లో షటిల్ నుంచి రాడార్‌తో తీసింది, ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు, కొబ్బరిచెట్టు అసలు ఎత్తు అందులో సరిగ్గా పడదు, పైగా అప్పటి మొక్కలు ఇప్పుడు తోటలైపోయాయి. ఒకసారి స్వయంగా వెళ్లి తోట ఎత్తు చూసుకుని, క్లట్టర్ (నేల మీది చెట్లు, కట్టడాల ఎత్తు) కింద ఆ మీటర్లు మీరే కలపండి. చాలావరకు తేడా ఇక్కడే దొరుకుతుంది.

4. తర్వాత కే 2/3 (గాలి పరిస్థితి బాగోనప్పటి విలువ) పెట్టి మళ్లీ రన్ చేయండి, వంపు 12 మీటర్లవుతుంది. అప్పుడు కూడా గీత చెట్ల పైనుంచే పోవాలి, లేదంటే టవర్ ఎత్తు పెంచాల్సిందే.

తెల్లారుజామున మాత్రమే సిగ్నల్ ఊగుతుంటే అది గాలి పొరల వల్ల వచ్చే మల్టీపాత్ (ఒకే సిగ్నల్ వేర్వేరు దారుల్లో వచ్చి కలవడం) అయ్యుండొచ్చు, దానికైతే మొదట ఫేడ్ మార్జిన్ (సిగ్నల్ పడిపోయినా లింక్ తట్టుకునేలా ఉంచే అదనపు బలం) పెంచండి.