మెడ ధమని దగ్గరి కణితి: సూది పరీక్ష ఎందుకు చేయలేదు?

మీ అమ్మగారి మెడలో ధమని చీలేచోట 3 సెంటీమీటర్ల కణితి ఉందనీ, సూది పరీక్ష చేయకుండానే డాక్టరు ఆపరేషన్ అన్నారనీ మీరు ఆందోళన చెందుతున్నారు. ఆ డాక్టరు చేసింది సరైన పనే. సీటీ యాంజియోలో (రక్తనాళాలను చూపే స్కాన్‌లో) ధమని రెండు కొమ్మలూ కణితికి చెరోవైపు విచ్చుకుని కనిపిస్తే, అది చాలావరకు కరోటిడ్ బాడీ ట్యూమర్ (మెడ ధమని చీలేచోట ఉండే చిన్న అవయవంలో పుట్టే కణితి) అయివుంటుంది. వేలితో నొక్కితే పక్కలకు కదులుతుంది గాని పైకీ కిందికీ కదలదు. దానికి రక్తసరఫరా విపరీతం కాబట్టి సూది గుచ్చితే రక్తస్రావం కావచ్చు. అదృష్టవశాత్తు వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు.

అసలు అడగవలసిన ప్రశ్న వేరు: కణితి ధమనిని ఎంతగా అంటుకుందో చెప్పే షాంబ్లిన్ వర్గీకరణలో అది ఎన్నో తరగతి? 1971 నాటి ఆ పద్ధతి ప్రకారం, మొదటి తరగతి కణితి ధమని గోడ నుంచి తేలికగా ఊడివస్తుంది. మూడోది ధమనిని పూర్తిగా చుట్టేస్తుంది కనుక, ఒక్కోసారి ఆ ముక్కను తీసి తొడలోని సిరను అతికించవలసి వస్తుంది. అందువల్ల వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల శస్త్రవైద్యుడు) అందుబాటులో ఉంటారా అని అడగండి. పక్షవాతం ముప్పు కొద్దిగా ఉంటుంది. నాలుకకూ స్వరపేటికకూ వెళ్ళే నరాలు పక్కనే ఉండడంతో కొందరికి గొంతు బొంగురుపోతుంది. కొన్ని కణితులు అడ్రినలిన్ వంటి హార్మోన్లు వదులుతాయి, కొందరికి రెండువైపులా వస్తాయి; కనుక ఆపరేషన్‌కు ముందే ఆ హార్మోన్లను పట్టిచ్చే మెటానెఫ్రిన్ పరీక్ష చేయించి, మెడ రెండోవైపు కూడా చూపించండి.