బయట చెప్పే మాట మీటింగ్‌లో ఎందుకు చెప్పరు?

ప్రశ్న: మా టీంలో ఎనిమిది మందిమి. ఏ మీటింగ్ పెట్టినా మాట్లాడేది ఇద్దరే, మిగతావాళ్లు తలూపి లేచిపోతారు. ఒకామె అయితే లోపల నోరు విప్పదు, బయటికొచ్చాక మాత్రం పక్కవాళ్లతో 'ఇలా చేస్తే సగం పని తప్పేది కదా' అంటుంది. అది నిజంగా మంచి మాటే అయి ఉంటుంది. పేరు పెట్టి అడిగితే 'నాకూ ఓకే అండీ' అని ఊరుకుంటుంది. వీళ్ల చేత మాట్లాడించడం ఎలా?
ఒక టీం లీడర్

జవాబు: ముందు ఆ పేరు పెట్టి అడగడం మానేయండి. అందరూ తనవైపే చూస్తుంటే ఉన్న ఐడియా కూడా గొంతు దాటదు, తప్పించుకోవడానికి 'నాకూ ఓకే' కంటే సులువైన మాట ఇంకోటి లేదు. చెప్పడానికి ఏమీ లేకపోతే బయట మాత్రం ఎలా చెబుతోంది? మీ మీటింగ్ నడిచే తీరులోనే ఏదో అడ్డం పడుతోంది.

అందరూ కూర్చుని తోచింది చెప్పేసుకునే బ్రెయిన్‌స్టార్మింగ్‌కి ప్రచారం తెచ్చింది అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికా ప్రకటనల రంగం ఆయన. 1958లో యేల్ యూనివర్సిటీవాళ్లు దాన్ని పరీక్షిస్తే, నలుగురు కలిసి చెప్పినవాటికన్నా విడివిడిగా కూర్చున్న నలుగురివి కలిపితేనే ఎక్కువ ఐడియాలు తేలాయి. ఎందుకంటే, 1987లో డీల్, స్ట్రోబే అనే పరిశోధకులు చూపించినట్టు, ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు అనుకున్నది మర్చిపోతారు, లేదా ఇప్పుడెందుకులే అని వదిలేస్తారు. మీ ఇద్దరు మాటకారులు, పాపం తెలియకుండానే, చేస్తున్నది అదే.

కాబట్టి రాయించండి. ముందు రోజే ప్రశ్న పంపండి, అదీ 'ఏమైనా సలహాలున్నాయా' లాంటి గాలి ప్రశ్న వద్దు, 'కస్టమర్ ఫిర్యాదు మన దగ్గర రెండ్రోజులు ఎక్కడ ఆగిపోతోంది?' అన్నట్టు అడగండి. మీటింగ్ మొదట్లో ఐదు నిమిషాలు, ఆ మాటకారులతో సహా, అందరూ చీటీల మీద రాయాలి. పేర్లు లేకుండా మీరే చదవండి. మీ అభిప్రాయం చివర్లో చెప్పండి, లీడర్ ముందే 'నాకైతే ఇది నచ్చింది' అన్నాక ఇంకెవరు కాదంటారు?

నోటితో అడిగినప్పుడు కాస్త ఆగడం కూడా నేర్చుకోవాలి. మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసురూముల్లో గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారు. కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయట, నోరు మెదపనివాళ్లూ మాట్లాడారట. మీటింగ్‌లో మూడు సెకన్ల నిశ్శబ్దం మహా ఇబ్బందిగా ఉంటుంది, భరించండి.

అయితే వచ్చిన మొదటి ఐడియాని 'చూద్దాం' అని పక్కన పెట్టారంటే రెండోది రాదు, ఇక్కడే చాలామంది లీడర్లు చెడగొట్టుకుంటారు. చేయలేకపోతే ఎందుకో ఆ వారంలోనే చెప్పేయండి. అమలు చేస్తే మాత్రం ఎవరి ఆలోచనో కనుక్కుని, నలుగురిలో పొగిడే ముందు వాళ్లనే ఒకసారి అడగండి, కొందరికి చప్పట్లు కూడా టెన్షనే. ఇక మీరు చెప్పిన ఆమె మెసేజ్‌లోనే చెబుతానంటే అలాగే చెప్పనివ్వండి.