బొట్టు పెట్టి పిలవని పెళ్లి

ప్రశ్న: నా వయసు 55. హైదరాబాదులో కూకట్‌పల్లిలో ఉంటాం. పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. వచ్చే నెలలో నా తమ్ముడి కూతురి పెళ్లి. శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. మర్నాడు మరదలు ఫోన్ చేసి "తప్పకుండా రావాలి వదినగారూ" అంది. అంతే. తర్వాత తెలిసిందేమిటంటే, భార్యాభర్తలిద్దరూ హైదరాబాదు వచ్చి, వనస్థలిపురంలో ఉన్న ఆమె అన్నగారింట్లో బొట్టు పెట్టి, కార్డు ఇచ్చి, ఆ రాత్రి బస్సుకే తిరిగి వెళ్లారట. సొంత మేనత్తకు ఆ మాత్రం మర్యాద లేదా? మరదలి తీరు మొదటినుంచీ అంతే. పిలవని పేరంటానికి ఎందుకు పోవాలి అంటున్నారు మావారు. పెళ్లికి వెళ్లాలా, మానాలా?

సమాధానం: వెళ్లండి. పెద్దవాళ్ల మీద అలిగి పిల్ల పెళ్లి మానేయడం ఏ లెక్కనా సబబు కాదు. మీ చేత నలుగు పెట్టించుకోవలసిన అమ్మాయి మీకేం అపకారం చేసింది? ఈ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మీరు రాసిన నాలుగు పేజీల్లో ఇక్కడ అచ్చయింది కొద్దిగానే. మిగతాదంతా మరదలి గురించే. సంక్రాంతికి ఫోన్ చేయలేదు, గృహప్రవేశంలో మీవారికి పెట్టిన పంచెల చాపు నాసిరకం, మీ అత్తగారు పోయినప్పుడు పలకరింపుకి ఆలస్యంగా వచ్చింది. తమ్ముడి గురించి మాత్రం రెండే వాక్యాలు. "వాడు అమాయకుడు, ఆమె మాట జవదాటడు" అన్నది మొదటిది. రెండోది మూడో పేజీ చివర ఉంది: "నాన్న పెద్దకర్మ అయిన వారానికి తమ్ముడు కారు పంపాడు, రిజిస్ట్రారు ఆఫీసులో పెట్టమన్నచోట సంతకం పెట్టాను, అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్ని."

అమ్మా, మీరు రాయదలచుకున్న ఉత్తరం ఆ చివరి నాలుగు మాటలే.

హైదరాబాదు దాకా వచ్చినవాళ్లు మీ ఇంటికి రాకపోవడం చిన్న విషయమని నేను అనను. దూరాభారం అనుకుంటే ఫోన్ పిలుపుతో సరిపెట్టుకోవచ్చు, ఈ రోజుల్లో అందరూ అదే చేస్తున్నారు. ఇక్కడ అది కుదరదు. బావమరిది ఇంటికి వెళ్లిన మనిషి తోడబుట్టినదాని ఇంటికి వెళ్లలేదు. మీరు దాన్ని మరదలి పొగరు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మీ తమ్ముడికి మీ గడప తొక్కే ముఖం లేదు. తప్పు చేసినవాడు కోపంగా ఉన్న మనిషి ఎదుటికైనా వెళతాడు గానీ, నోరెత్తకుండా సంతకం పెట్టిన అక్క ఎదుట కూర్చుని కాఫీ తాగడం కష్టం. అందుకే ఫోన్ కూడా పెళ్లాం చేత చేయించాడు. అమాయకుడు అంటున్నారు, కానీ కారు పంపింది ఆయన. దస్తావేజు రాయించిందీ ఆయనే. మరదలి మీద కోపం తెచ్చుకోవడం తేలిక, ఆమె బయటి నుంచి వచ్చింది కాబట్టి. తమ్ముడి మీద కోపం తెచ్చుకుంటే పుట్టిల్లే ఉండదని మీ భయం. ఏళ్ల తరబడి ఆయన తప్పులు ఆమె ఖాతాలో రాస్తున్నారు.

ఆ సంతకంతో పుట్టింటి పొలంలో మీరు వదిలేసిన వాటా ఎంతో కూడా తెలుసుకోండి. మీ పెళ్లి 1991లో అయిందని రాశారు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్లయినవాళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. పొలం నాన్నగారి స్వార్జితమే అయి, వీలునామా లేకపోతే, అమ్మగారికీ మీకూ తమ్ముడికీ తలా ఒక వాటా. కట్నం ఇచ్చామనో, పసుపు కుంకుమల కింద ఏదో పెట్టామనో ఆ వాటా చెల్లిపోదు.

కోర్టుకు వెళ్లమని ఇదంతా చెప్పడం లేదు. రిజిస్టరు అయిన విడుదల దస్తావేజును, అంటే వాటా వదులుకున్నట్టు రాసిచ్చిన పత్రాన్ని, రద్దు చేయించాలంటే మోసమో బలవంతమో రుజువు చేయాలి, దానికీ మూడేళ్ల గడువు ఉంటుంది. మీరు సంతకం పెట్టింది 2018లో. లాయరును అడిగి చూడాలనిపిస్తే అడగండి, తప్పులేదు. నా మాట వేరే. మీ వాటాను మీది అని ఒప్పుకుని "అక్కా, ఇస్తావా?" అని అడిగి ఉంటే అది మీకు జరిగిన మర్యాద. అడగకుండా సంతకం పెట్టించుకుని, సాయంత్రం పట్టుచీర పెట్టి, కాళ్లకు దండం పెట్టి పంపారు. అలాంటి దండాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. కాళ్లకు మొక్కేవాడు మన మాట కూడా వింటాడనే పూచీ ఏమీ లేదు. ఆ చీర ఇప్పటికీ కట్టలేదని మీరే రాశారు. ఎందుకు కట్టలేదో ఒకసారి ఆలోచించుకోండి.

ఇంకో మాట, కటువుగానే చెబుతాను. ఆ రోజు మీరూ నోరు విప్పలేదు. పుట్టింటి మీద ఆశపడిందన్న మాట పడకూడదని పొలం ఇచ్చేసి మంచి పేరు తెచ్చుకున్నారు. అప్పటినుంచీ చీరల్లో, పిలుపుల్లో, ఫోన్లలో దానికి వడ్డీ వసూలు చేసుకోవాలని చూస్తున్నారు. రాదు. మీరు ఏ బాకీ వసూలు చేస్తున్నారో మరదలికి తెలియదు. మీకు ఎంత చేసినా తక్కువేనని ఆమె కూడా ఎవరికో చెప్పుకుంటూనే ఉంటుంది.

"సర్దుకుపో" అని అమ్మ అన్నందుకు బాధపడ్డారు. ఆమె కూడా మీతో పాటే సంతకం పెట్టి, ఇప్పుడు కొడుకు పెట్టింది తింటున్న మనిషి. ఇంకేమంటుంది? ఆవిడను మధ్యకు లాగకండి.

పెళ్లింట్లో ఈ ఊసు ఎత్తకండి. ముందు రోజే వెళ్లి, మేనత్తగా మీరు చేయవలసినవన్నీ చేయండి. పదహారు రోజుల పండుగ కూడా అయ్యాక ఒకరోజు మీరొక్కరే వెళ్లి తమ్ముడితో కూర్చోండి. మీవారూ వద్దు, మరదలూ వద్దు. బొట్టు సంగతి, పంచెల చాపు సంగతి ఎత్తితే ఆయన వెంటనే భార్యను ముందుకు తోసి తప్పుకుంటాడు. "ఆ రోజు నన్ను అడగకుండా సంతకం పెట్టించావు, నాకు బాధ కలిగింది" అని మాత్రం అనండి. ఆ తర్వాత ఎంతసేపైనా సరే, ఆయనే మాట్లాడాలి. మీరు పూరించకండి, "పోనీలే" అనకండి. ఆయన ఒప్పుకోవచ్చు, "నాన్న చెప్పారు" అనవచ్చు, కోప్పడనూవచ్చు. ఏదైనా సరే, ఆయన నోటి నుంచి రానివ్వండి.

మియాపూర్‌లో అబ్బాయి పేరున స్థలం కొన్నామని మాటవరసకు రాశారు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయికి ఆ సంగతి కొన్నాక చెప్పారా, కొనకముందే చెప్పారా? తమ్ముడి దగ్గరకు వెళ్లే ముందు ఆమెతో మాట్లాడండి.

మీవారు పెళ్లికి రానంటే బతిమాలకండి. అల్లుడి మర్యాద ఆయన చూసుకుంటారు. మీ టిక్కెట్టు మీరు తీసుకోండి, ముహూర్తాల రోజుల్లో తెనాలి వైపు రైళ్లలో చివరి నిమిషంలో బెర్తు దొరకడం కష్టం.