సీరియల్లోకి వెళ్తున్న మా అల్లుడికి

అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నీకు సీరియల్లో హీరో స్నేహితుడి వేషం వచ్చిందని, ఒప్పుకోవాలా వద్దా అని నాలుగు రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినడం లేదని చెప్పింది. మామయ్యని అడగరా అంటే మొహమాటపడ్డావట. నా దగ్గర మొహమాటం ఏంట్రా? ఫోన్లో అయితే మాట మీద మాట పడి అసలు సంగతి పక్కకు పోతుంది, అందుకే రాస్తున్నాను. పొడుగ్గా ఉన్నా చివరిదాకా చదువు.

ఒప్పుకో. ముందు ఆ టెన్షన్ వదిలేయ్. నువ్వు ఒక్కడివే మైక్ పట్టుకుని జనాన్ని నవ్వించే స్టాండప్ కామెడీ మూడుసార్లు చూశాను, అందులో రెండుసార్లు నీకు చెప్పకుండా వెనక వరసలో కూర్చుని చూశాను, నీలో సరుకుంది. కానీ స్టేజీ మీద నిన్ను నిలబెట్టిన అలవాట్లే కెమెరా ముందు నిన్ను పడేస్తాయి. అది నేను పడి తెలుసుకున్న విషయం.

నేను మిమిక్రీ మొదలుపెట్టింది వినాయకచవితి పందిళ్లలో. ఆర్కెస్ట్రా వాళ్లు టీ తాగడానికి దిగినప్పుడు మధ్యలో పావుగంట నాది. ఆ పావుగంటలో జనం నవ్వకపోతే మళ్లీ ఏడు ఆ పందిరి నుంచి పిలుపు రాదు. కాబట్టి ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి పీల్చాలి, నవ్వు తగ్గుతుండగా ఏ క్షణంలో తర్వాతి మాట వేయాలి అన్నది ఒంట్లోకి ఎక్కిపోయింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక మాలాంటి స్టేజీ వాళ్లకి కూడా చిన్న చిన్న వేషాలు రావడం మొదలైంది. నాకూ ఒకటి వచ్చింది, కిరాణా కొట్టు యజమాని వేషం. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత మేనేజరు పక్కకు పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. కారణం చెప్పలేదు. ఆరేళ్ల తర్వాత అదే యూనిట్లో పనిచేసిన కో-డైరెక్టర్ ఒకాయన కనపడితే అడిగాను. "మీరు డైలాగ్ బాగానే చెప్పేవారండీ, కానీ ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మీ ముఖంలో ఏమీ ఉండేది కాదు, మీ వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకున్నట్టు తెలిసిపోయేది" అన్నాడు. ఆ మాట ఆ మొదటి రోజే ఎవరైనా చెవిన వేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే నీకు ముందే చెప్తున్నాను.

నువ్వు మైక్ పట్టుకుని నిలబడ్డప్పుడు నీతో మాట్లాడేది జనం. వాళ్ల నవ్వే నీకు జవాబు. సీన్లో నీకు జవాబు చెప్పేది ఎదురుగా ఉన్న పాత్ర. అక్కడ నవ్వు వినపడదు. లైట్ బాయ్ నవ్వడు, కెమెరామన్ నవ్వకూడదు, నీ పంచ్ గాల్లో కలిసిపోయినట్టు ఉంటుంది. అప్పుడు స్టాండప్ వాడికి కంగారు పుడుతుంది. గొంతు పెంచుతాడు, కనుబొమలు ఎగరేస్తాడు, లేని మాట ఇంకోటి కలుపుతాడు. నువ్వు అది చేయొద్దు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం నేర్చుకో, ఎదుటివాళ్లు చెప్పేది నిజంగా విను. మిగతావన్నీ నెమ్మదిగా వస్తాయి.

రే రొమానో అని అమెరికాలో ఒక నటుడు ఉన్నాడు. నువ్వు పేరు విని ఉంటావు, కానీ ఆయన దారి మొత్తం ఒకసారి చూడు, నీకు చాలా దగ్గరగా ఉంటుంది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో 1957లో పుట్టాడు. పరుపులు ఇళ్లకు చేరవేసే పని చేశాడు, బ్యాంకులో పనిచేశాడు, రాత్రిళ్లు కామెడీ క్లబ్బుల్లో స్టేజీ ఎక్కేవాడు. 1984లో మొదలుపెడితే టీవీలో తన సొంత సీరియల్ వచ్చేసరికి 1996 అయింది. పన్నెండేళ్లు. నువ్వు స్టాండప్ మొదలుపెట్టి మూడేళ్లు నిండాయని, ఆలస్యమైపోయిందని అక్కతో అన్నావట, ఆ మాట నాకు నచ్చలేదు.

1995లో ఆయనకు న్యూస్‌రేడియో అనే కామెడీ సీరియల్లో వేషం వచ్చింది. రిహార్సల్స్‌లోనే తీసేశారు. అదే ఏడాది రాత్రిపూట వచ్చే డేవిడ్ లెటర్‌మన్ టాక్ షోలో కొన్ని నిమిషాలు స్టాండప్ చేస్తే, అది చూసి లెటర్‌మన్ సంస్థ వాళ్లే నీ మీద ఒక సీరియల్ చేద్దాం అన్నారు. అక్కడి ఇంకో స్టాండప్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్‌కీ ఇంతే, 1980లో బెన్సన్ అనే సీరియల్లో చిన్న వేషం వేస్తూ ఒకరోజు స్క్రిప్ట్ చదవడానికి వెళ్తే ఆయనకి స్క్రిప్టే లేదు, తీసేసిన సంగతి అలా తెలిసింది. తర్వాత ఆయన పేరు మీదే ఒక సీరియల్ తొమ్మిది సీజన్లు నడిచింది. నిన్ను కూడా ఎక్కడో ఒకచోట తీసేస్తారు. ఆ రోజు ఇంటికి రా, మీ అత్తయ్య చేతి పెసరట్టు తిను, మర్నాడు ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కగలిగే ఏదో ఒక ఓపెన్ మైక్‌లో పేరు రాయించుకో.

రే సీరియల్ పేరు ఎవ్రీబడీ లవ్స్ రేమండ్. 1996 నుంచి 2005 వరకు తొమ్మిదేళ్లు, 210 ఎపిసోడ్లు. నా స్నేహితుడు అమెరికా నుంచి డీవీడీలు తెచ్చిస్తే వరసగా చూశాను, తర్వాత సౌండ్ తీసేసి కూడా చూశాను. సౌండ్ లేకుండా చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే, సీరియల్ ఆయన పేరు మీద ఉన్నా చాలా సీన్లలో ఆయన వింటూ ఉంటాడు. అమ్మ ఒక మాట అంటుంది, నాన్న ఒకటి అంటాడు, భార్య ఇంకోటి అంటుంది, అన్న గుమ్మంలో నిలబడి నిట్టూరుస్తాడు. ఈయన సోఫాలో కూర్చుని ఆ నలుగురి మధ్య నలిగిపోతుంటాడు. నవ్వు వాళ్ల మాటకు సగం వస్తే, ఈయన ముఖానికి సగం వస్తుంది. స్టాండప్ చేసినవాడు, పేరు తనదే, పెద్ద పంచ్‌లన్నీ నాకే రాయండి అనొచ్చు. అలా చేయలేదు. అమెరికాలో టీవీ వాళ్లకి ఇచ్చే ఎమ్మీ అవార్డు ఆయనకు 2002లో వచ్చింది. అంతకు ముందే 2000లో, 2001లో ఆయన భార్యగా వేసిన పాట్రిషియా హీటన్‌కి రెండుసార్లు వచ్చింది. తల్లిగా వేసిన డోరిస్ రాబర్ట్స్‌కి ఆ పాత్రకి నాలుగుసార్లు, అన్నగా వేసిన బ్రాడ్ గారెట్‌కి మూడుసార్లు వచ్చింది. ఈ బ్రాడ్ గారెట్ కూడా స్టాండప్ నుంచి వచ్చినవాడే. పక్కవాడికి నవ్వు వదిలిపెడితే మనం చిన్నబోతామేమో అన్న భయం నీకుంది. పోయిన నెల నీ షోలో ముందు వరసలో కుర్రాడు మంచి మాట అంటే, జనం నవ్వడం పూర్తికాకుండానే నువ్వు దాని మీద ఎక్కేశావు. నాకు గుర్తుంది.

మనవాళ్లలో అయితే జానీ లీవర్‌ని చూడు. కనిగిరిలో పుట్టిన తెలుగువాడు, ముంబైలో పెరిగాడు. హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా ఉన్నప్పుడు ఒక ఫంక్షన్‌లో అక్కడి ఆఫీసర్లను అనుకరిస్తే, తోటి కార్మికులు ఆ పేరు పెట్టేశారు. ఆఫీసర్లు రోజూ ఎలా మాట్లాడతారో చెవిపెట్టి వినకపోతే ఆ అనుకరణ వచ్చేదా? మా మిమిక్రీ వాళ్లందరికీ పెద్దదిక్కైన నేరెళ్ల వేణుమాధవ్ గారిని వరంగల్లులో దగ్గరగా చూసే భాగ్యం ఒకసారి కలిగింది. చుట్టూ అందరూ మాట్లాడుతుంటే ఆయన తలవంచుకుని వింటూ కూర్చున్నారు.

ఇప్పుడు మన సీరియళ్ల సంగతి. రే వాళ్లు 210 ఎపిసోడ్లు తొమ్మిదేళ్లలో చేశారు. మన డైలీ సీరియల్ వారానికి ఆరు ఎపిసోడ్లు అనుకుంటే అన్ని ఎపిసోడ్లు ఎనిమిది నెలల్లో అయిపోతాయి. వాళ్లకి వారం మొదట్లో అందరూ కూర్చుని స్క్రిప్ట్ చదువుకోవడం, రోజూ రిహార్సల్, రాసింది పేలకపోతే మార్చుకోవడం, ఆఖరున జనం ముందు షూట్ చేయడం. నీకు సీన్ పేపర్ ఆ పొద్దున్నే చేతికొస్తుంది, ఒక్కోసారి మేకప్ వేసుకుంటుండగా వస్తుంది. పైగా ప్రాంప్టింగ్ ఉంటుంది, పక్కనుంచి అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగ్ అందిస్తుంటే చెప్పేస్తారు. దానికి అలవాటుపడితే నువ్వు వినేది ప్రాంప్టర్ గొంతు అవుతుంది, ఎదుటి మనిషిది కాదు. నువ్వు గంటసేపు కాగితం లేకుండా మాట్లాడగలవు, నాలుగు పేజీలు నోటికి రావడం నీకు లెక్కా? నేర్చుకునే నిలబడు. నీ డైలాగ్ కంటే ముందు ఎదుటివాళ్ల డైలాగ్ చదువు. రియాక్షన్ షాట్, అంటే ఎదుటి మాటకి నీ ముఖం ఎలా మారుతుందో ఆ షాట్, తీసేటప్పుడు అవతలి నటులు ఒక్కోసారి అక్కడ ఉండరు, గోడ మీద ఒక గుర్తు చూపించి లుక్ ఇవ్వమంటారు. అప్పుడు ఆ మాటలు నీ మనసులో వినపడాలి కదా.

నీ క్లోజప్ అయిపోగానే ఫోన్ పట్టుకుని కుర్చీలోకి వెళ్లకు. అవతలివాళ్ల క్లోజప్ తీసేటప్పుడు కెమెరా పక్కన నిలబడి నీ లైన్లు నువ్వే అందివ్వు. పెద్దవాళ్లతో చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. తల్లి వేషాలు, అత్త వేషాలు వేసే ఆ అమ్మలు పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నాకు ఆ పని నేర్పింది అలాంటి ఒకావిడే, పేరు చెప్తే ఆవిడకి ఇష్టం ఉండదు.

గురువారం టీఆర్పీలు వస్తాయి. రేటింగ్ తగ్గితే ట్రాక్ మారుతుంది, హీరో స్నేహితుడు నెల రోజులు కనపడకపోవచ్చు, ఏ అమెరికాకో వెళ్లిపోయాడని ఒక డైలాగ్‌తో సరిపెట్టవచ్చు. అది నీ నటన మీద తీర్పు అనుకుని కుమిలిపోకు. డబ్బు విషయంలో మాత్రం గట్టిగా ఉండు. రోజుకి ఎంత, నెలకి ఎన్ని రోజులు, డబ్బింగ్‌కి వేరుగా ఇస్తారా, పేమెంట్ ఎన్నాళ్లకి వస్తుంది, సాయంత్రాలు స్టాండప్ చేసుకోనిస్తారా, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకో. చివరిది మర్చిపోకు, చాలామంది అది అడగరు. నాకైతే మూడు నెలల డబ్బు ఒకచోట రానే రాలేదు, అప్పుడు మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టాం. ఉద్యోగం ఇప్పుడే మానకు, జీతం లేని సెలవు ఆరు నెలలు అడిగి చూడు.

ఇంకొకటి, ఇంటి సంగతి. రే సీరియల్లో సరుకంతా ఇంట్లోదే. ఆయనకు నిజంగా ఒక కూతురు, కవల కొడుకులు ఉన్నట్టే సీరియల్లోనూ పెట్టారు. ఆయన అన్న నిజంగా న్యూయార్క్ పోలీసు, సీరియల్లో అన్నా పోలీసే. సీరియల్ పేరు కూడా ఆయన సోదరుడు ఈర్ష్యగా అన్న మాట నుంచి వచ్చిందే. రాసిన ఫిల్ రోసెంతాల్ తన ఇంటి కథ కూడా కలిపాడు. తల్లికి నెలనెలా పండ్ల పెట్టె వచ్చే ఏర్పాటు చేస్తే, ఇన్ని పండ్లు నేనేం చేసుకోను అని ఆవిడ గోల పెట్టింది, అదే మొదటి ఎపిసోడ్‌లో వచ్చింది. అక్క నీకు ఆర్టీసీ పార్సిల్‌లో ఆవకాయ పంపి, జాడీ పగులుతుందని డ్రైవర్‌కి ఫోన్ చేసి బ్రేకులు మెల్లగా వేయమని చెప్పడం లాంటిదే అది. దాని మీద నువ్వు స్టేజీ మీద చేసే బిట్ విని అక్క కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. కానీ కవల పిల్లల పేర్లు మొదటి ఎపిసోడ్‌లో ఆయన సొంత పిల్లల పేర్లే, ఆ తర్వాత ఆయనే మార్పించాడు. ఒక గీత గీసుకున్నాడన్నమాట. బావ అప్పుల మీద నువ్వు చేసే బిట్ ఉంది చూడు, అది విన్న రోజు అక్క నవ్వలేదు. నీకు చెప్పలేదు, నాకు చెప్పింది. సీరియల్ వాళ్లు నీ ఇంటి కథలు అడుగుతారు, ఇంటర్వ్యూల్లోనూ అడుగుతారు. అప్పుల బిట్ తీసేయ్ అని నేను అనను, బావతో కూర్చుని ఒకసారి మాట్లాడు, ఆయన ఏమంటాడో పూర్తిగా విని అప్పుడు నిర్ణయించుకో.

స్టేజీ మానకు. నెలకి రెండు రాత్రులైనా ఎక్కు, పదిమంది ఉన్నా సరే. రే రొమానో 2019లో, అంత పేరూ డబ్బూ వచ్చిన తర్వాత, న్యూయార్క్‌లో తను మొదట్లో చేసిన చిన్న క్లబ్బుల దగ్గరికే తిరిగి వెళ్లి, కామెడీ సెల్లార్‌లో ఒకటి, దాని దగ్గర్లోనే ఇంకో క్లబ్బులో ఒకటి, ఒకే రాత్రి రెండు షోలు చేసి స్పెషల్‌గా, అంటే విడిగా ఒక స్టాండప్ వీడియోగా, తీశాడు. నటుడిగా ఎదిగినా ఆ పని చేయి జారనివ్వలేదు. నువ్వూ జారనివ్వకు.

ఆదివారం పొద్దున గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాను, స్టేషన్‌కి రానక్కర్లేదు. సీన్ పేపర్లు ఏమైనా ఇచ్చి ఉంటే రెండు కాపీలు తీసి పెట్టు. నీ డైలాగులు నేను చదువుతాను, అవతలివాళ్లవి నువ్వు చదువు.

మీ మామయ్య