నాన్నకు గడ్డ మళ్ళీ వచ్చింది, ముందే చెప్పే ప్రొటీన్ కనిపెట్టాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర, బీఎస్సీ బయోటెక్నాలజీ మూడో ఏడాది చదువుతున్నాను. నాన్నకు కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఆపరేషన్ చేసి తీశారు, ఏడాదీ మూడు నెలలకు మళ్ళీ వచ్చింది. కాలేయ క్యాన్సర్ జాడ కోసం రక్తంలో చూసే ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ అప్పుడూ నార్మలే, ఇప్పుడూ నార్మలే. మళ్ళీ వస్తుందని ముందే చెప్పే ప్రొటీన్ కనిపెట్టే పనిలోకి వెళ్ళాలనుంది. బాబాయేమో మెడికల్ కోడింగ్ నేర్చుకో, ఆర్నెల్లలో ఉద్యోగం అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి సంగతి. ఏఎఫ్‌పీ నార్మల్ వచ్చిందంటే ల్యాబ్ వాళ్ళు తప్పు చేశారని కాదు, ఈ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి అది అసలు పెరగదు. 1963లో మాస్కోలో అబెలెవ్ బృందం ఎలుకల్లో చూసిన ప్రొటీన్ అది. అరవై ఏళ్ళు దాటినా ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నామంటే దాని గొప్ప కాదు, తర్వాత వచ్చినవాటిలో నిలబడ్డవి తక్కువ. పివ్కా-2 అని ఇంకొకటుంది, జపాన్‌లో రెండూ కలిపి చూస్తారు. నాన్నగారికి చేశారేమో డాక్టర్‌ని అడుగు. గుండె వాల్వు మార్చినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే అసిట్రోమ్ లాంటి మాత్రలు ఆయన వాడుతుంటే ఆ మాటా చెప్పు, ఎందుకంటే ఆ మాత్రలకి క్యాన్సర్ లేకపోయినా పివ్కా పెరుగుతుంది. వైద్యం గురించి ఇంతకు మించి నేను మాట్లాడకూడదు.

ఇక నీ చదువు. "కనిపెట్టే" అన్నావు చూడు, ఇబ్బందంతా అక్కడే ఉంది. కనిపెట్టడం ఇప్పుడు అంత కష్టం కాదు. గడ్డలోంచి తీసిన చిన్న ముక్కని సిద్ధం చేసి మాస్ స్పెక్ట్రోమీటర్ అనే, అణువుల బరువు కొలిచే మెషీన్‌లో నడిపితే వేల ప్రొటీన్ల లెక్క బయటికొస్తుంది, అన్ని వేలలో గడ్డ తిరిగొచ్చినవాళ్ళలో ఎక్కువగా కనపడేవి ఏవో కొన్ని దొరక్క మానవు. అది నిజంగా జబ్బు సంగతా, లేక శాంపిల్ తీసిన తీరు వల్ల వచ్చిందా అని తేల్చడానికే ఏళ్ళు పడుతుంది. 2002లో అమెరికాలో ఒక బృందం అండాశయ క్యాన్సర్‌ని రక్తంలోని ప్రొటీన్ల నమూనాతో 50 మందిలో 50 మందికీ పట్టేశామని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ స్టాటిస్టిక్స్ వాళ్ళు అదే డేటా తీసి చూస్తే, ఆ తేడాల్లో చాలావరకు మెషీన్‌లో శాంపిళ్ళు నడిపిన తీరు వల్ల వచ్చి ఉండొచ్చని తేలింది. క్యాన్సర్ శాంపిళ్ళు ఒక రోజు, మామూలువాళ్ళవి ఇంకో రోజు నడిపితే మెషీన్ ఆ రోజుల తేడానే కనిపెట్టి నీ చేతిలో పెడుతుంది!

రక్తంలో వెతకడం ఇంకా కష్టం. ఒక్క మిల్లీలీటరు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, అన్నిటికంటే ఎక్కువుండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ సుమారు 4 కోట్ల నానోగ్రాములుంటుంది, ఏఎఫ్‌పీ మామూలు మనిషిలో 10 నానోగ్రాములు కూడా ఉండదు. గోదావరి పుష్కరాల జనంలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే అది, పైగా ఆ పిల్లాడు ఏ చొక్కా వేసుకున్నాడో కూడా నీకు తెలీదు.

ఇంకో చిక్కుంది, ఇది చాలామంది విద్యార్థులకు తట్టదు. ఆపరేషన్ తర్వాత అయిదేళ్ళలో ఈ క్యాన్సర్ 70 శాతం దాకా తిరిగొస్తుంది, కానీ అన్నీ ఒకే రకంగా రావు. డాక్టర్లు సుమారుగా రెండేళ్ళ దగ్గర గీత గీస్తారు. అంతకు ముందు వస్తే పాత గడ్డ కణాలే ఎక్కడో మిగిలిపోయి పెరిగాయని అనుమానిస్తారు, ఆ తర్వాత వస్తే సిర్రోసిస్‌తో, అంటే మచ్చలుపడి గట్టిపడి, పాడైన కాలేయంలో కొత్త గడ్డే పుట్టి ఉంటుందనుకుంటారు. అంటే మొదటిదానికి జవాబు తీసేసిన గడ్డలో వెతకాలి, రెండోదానికి పక్కన మిగిలిన కాలేయంలో. రెండూ కలిపేసి ఒకే మార్కర్ (జబ్బు జాడ చెప్పే ప్రొటీన్) కోసం వెతికితే ఏదీ చేతికి రాదు. 2019లో బీజింగ్ బృందం 101 మంది తొలిదశ రోగుల గడ్డలతో పాటు పక్క కణజాలం కూడా తీసుకుని చూసి, ప్రొటీన్లను బట్టి మూడు రకాలుగా విడగొట్టింది. ఎస్ఓఏటీ1 అనే కొలెస్ట్రాల్ సంబంధిత ప్రొటీన్ ఎక్కువున్న రకానికి ఫలితాలు అన్నిటికంటే అధ్వాన్నం. వాళ్ళు అక్కడితో ఆగలేదు, దాన్ని అడ్డుకునే మందు ఎలుకల్లో పనిచేస్తుందా అని కూడా చూశారు. నువ్వు ఆ పేపర్ ఒక్కటి నెల రోజులు పట్టినా సరే లైను లైనూ చదువు, సగం అర్థం కాకపోయినా టెన్షన్ పడకు.

దారి చెప్తాను. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ కానీ బయోటెక్నాలజీ కానీ, నా ఓటు బయోకెమిస్ట్రీకి. దానికి ప్రవేశ పరీక్షలు జామ్, గాట్-బీ, సీయూఈటీ పీజీ, తెలంగాణ సీపీగెట్, ఏపీ పీజీసెట్, వీటిలో కనీసం మూడు రాయి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరు. పీహెచ్‌డీకి మన హైదరాబాద్ సీసీఎంబీ ఉంది, నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్, ఐఐటీ బాంబే, కాలేయం మీదే పనిచెయ్యాలనుంటే ఢిల్లీలో కాలేయ వైద్య సంస్థ ఐఎల్‌బీఎస్. పేరు చూసి చేరకు, అక్కడ సర్జన్లతో కలిసి పనిచేసి, ఆపరేషన్ అయినవాళ్ళని అయిదేళ్ళు ఫాలో అయ్యే ల్యాబ్ ఏదో కనుక్కుని చేరు. శాంపిల్ ఉండి, ఆ మనిషికి తర్వాత ఏమైందో తెలియకపోతే అది ఫ్రీజర్‌లో చోటు దండగ.

స్టాటిస్టిక్స్ తప్పదు. నీలాంటి వాళ్ళు చాలామంది లెక్కలు తప్పించుకోవడానికే బైపీసీ తీసుకున్నారు, నాకు తెలుసు, కానీ ఇక్కడ తప్పించుకోలేవు. ఆర్ అనే, స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాల్లో ఐఐటీ బాంబే వాళ్ళ ప్రొటియోమిక్స్ (ప్రొటీన్లన్నిటినీ ఒకేసారి చూసే శాస్త్రం) పాఠాలు ఉచితం. ప్రొటియోమిక్ డేటా కామన్స్ అనే వెబ్‌సైట్‌లో కాలేయ క్యాన్సర్ డేటా కూడా ఉచితంగా దొరుకుతుంది, దింపుకుని ఈ సెలవుల్లో ఒక్క గ్రాఫ్ గియ్యి.

బాబాయి మాట తీసిపారెయ్యకు. ఇంట్లో వైద్యం ఖర్చు నడుస్తున్నప్పుడు ఆర్నెల్లలో జీతం అన్నది చిన్న మాట కాదు, మొత్తం ఎనిమిదేళ్ళ చదువుకి ఇల్లు ఆగగలదా అని అమ్మతో కూర్చుని మాట్లాడు. ఆగలేదంటే ఎమ్మెస్సీ అయ్యాక ఎల్‌సీ-ఎంఎస్ (మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ముందు శాంపిల్‌ని విడగొట్టే పరికరం జోడించింది) మీద చెయ్యి తిరిగేలా చేసుకో, హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో ఆ పనికి గిరాకీ ఉంది, పీహెచ్‌డీ తర్వాతయినా చెయ్యొచ్చు. మీ డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపర్ ఉందో లేదో, ఉంటే ఎన్ని మార్కులొచ్చాయో మళ్ళీ రాయి, ఏ పరీక్షకి ముందు కూర్చోవాలో అప్పుడు చెప్తాను.