మీ ప్రశ్న, మా జవాబు: లింకన్ విడిపించేశాడు కదా, మళ్లీ కింగ్ ఎందుకొచ్చాడు?

ఏప్రిల్ సంచికలో అంబేద్కర్ గారి మీద వ్యాసం వేసినప్పుడు పక్కన చిన్న బాక్సులో రెండు లైన్లు వేశాం, ఆయన 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారని, మీ వాళ్ల పరిస్థితికీ మా అంటరానివాళ్ల పరిస్థితికీ చాలా పోలికుందని అందులో అన్నారని. కష్టపడి రాసిన వ్యాసం గురించి ఎవరూ అడగలేదు గానీ ఆ రెండు లైన్ల మీద బోల్డు ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చేయి. అందుకని ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాం, అన్నీ వెయ్యలేం కాబట్టి నాలుగు ఏరేం.

ప్ర: 1863లో లింకన్ బానిసత్వం రద్దు చేశాడని చదివేం. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మందితో హక్కుల కోసం సభ పెట్టాడనీ చదివేం. ఈ మధ్యలో వందేళ్లు ఏటయింది సార్?
(డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి, టెక్కలి)

జ: తమ్ముడూ, రెండు మార్కుల జవాబులో ఉన్న తిరకాసు భలే పట్టుకున్నావు. 1863 జనవరి 1న లింకన్ ఇచ్చిన ప్రకటన దేశం మొత్తానికి కాదు, తిరగబడి అంతర్యుద్ధం చేస్తున్న దక్షిణాది రాష్ట్రాలకే, అంటే ఆయన మాట అప్పటికి చెల్లని చోటకే అన్నమాట. టెక్సాస్‌లో గాల్వెస్టన్ అనే ఊరికి సైన్యం వెళ్లి ఇకమీదట మీరు బానిసలు కారు అని చదివి వినిపించింది 1865 జూన్ 19న, రెండున్నరేళ్లు పట్టింది కబురు చేరడానికి. ఆ ఏడాది చివర్లో రాజ్యాంగానికి చేసిన 13వ సవరణతో బానిసత్వం దేశమంతా పోయింది, 1868లో 14వ సవరణతో పౌరసత్వం, 1870లో 15వ సవరణతో మగవాళ్లకి ఓటు. కొన్నాళ్లు బానే నడిచింది, మిసిసిపీ నుంచి ఒక నల్లజాతి ఆయన సెనేట్‌కి, అంటే మన రాజ్యసభ లాంటి దానికి కూడా వెళ్లాడు. 1877లో ఢిల్లీ లాంటి వాళ్ల కేంద్రం దక్షిణాది నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచేసింది, అక్కడ్నుంచి మొదలయ్యేయి తెలివితేటలు.

మొదట భూమి చూడు. విడిపించేరు గానీ సెంటు భూమి ఇవ్వలేదు. దాంతో పాత యజమాని పొలమే పాలుకి చెయ్యాలి, విత్తనం ఆయనదే, బియ్యం ఉప్పు అరువు తెచ్చుకునే కొట్టూ ఆయనదో ఆయన బావమరిదిదో, పంట చేతికొచ్చేక లెక్క చూస్తే ఇంకా నువ్వే బాకీ ఉంటావు. ఈ లెక్క ఎలాగుంటాదో మీ తాతగారినడిగితే నాకన్నా బాగా చెప్తారు. తర్వాత ఓటు. నల్లవాడికి ఓటు లేదు అని ఎక్కడా రాయలేదు, రాస్తే 15వ సవరణ అడ్డొస్తాది కదా. 1890లో మిసిసిపీ మొదలెట్టింది, ఓటుకి పన్ను కట్టాలి, రాజ్యాంగంలో ఒక పేరా చదివి దాని అర్థం చెప్పాలి, చెప్పింది సరిపోయిందో లేదో తేల్చేది అక్కడి తెల్ల గుమస్తా. చదువురాని తెల్లవాళ్లు కూడా ఆ వలలో పడిపోతారని కొన్ని రాష్ట్రాల్లో ఇంకో కిటుకు పెట్టేరు, మీ తాత ఆ అంతర్యుద్ధానికి ముందు ఓటరయితే నీకు పరీక్ష లేదు అని. బానిసగా బతికిన తాతకి ఓటెక్కడిది చెప్పు! ఎంత నీటుగా పనిచేసిందంటే 1965కి ముందు మిసిసిపీలో ఓటు వయసున్న నల్లవాళ్లలో నూటికి 7 మంది కూడా ఓటర్ల లిస్టులో లేరు, ఆ ఏడాది ఓటు హక్కు చట్టం వచ్చేక రెండేళ్లలో దగ్గర దగ్గర 60కి వచ్చేసింది. మనుషులు వాళ్లే, ఊళ్లూ అవే.

ఇక రైలు సంగతి. 1892లో న్యూ ఆర్లీన్స్‌లో హోమర్ ప్లెసీ అనే ఆయన తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నాడు. ఆయన రక్తం ఎనిమిది వంతుల్లో ఏడు తెల్లది, చూస్తే తెల్లవాడిలాగే ఉంటాడు, అందుకని తనే నోరు తెరిచి నేను ఫలానా అని చెప్పుకుంటే గానీ అరెస్టు చెయ్యలేదు. ఇదంతా కావాలనే, చట్టాన్ని కోర్టుకి ఎక్కించడానికి ఊళ్లో వాళ్లు కమిటీ వేసుకుని చేసిన పని. 1896లో సుప్రీంకోర్టు 7-1తో తేల్చేసింది, పెట్టెలు వేరయినా సమానంగా ఉంటే తప్పు లేదని. వేరు గానీ సమానం! ఇది చదివినప్పుడల్లా నాకు చిన్నప్పుడు చీపురుపల్లి వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో టీ కొట్టు గుర్తొస్తాది, చూరులో దోపిన గ్లాసులు కొందరివి, బల్ల మీదున్నవి మిగతావాళ్లవి. టీ ఒకటే, రేటూ ఒకటే. నేను బల్ల మీద గ్లాసుతో తాగినవాణ్ని, అప్పుడు నాకేమీ తప్పనిపించలేదు, ఇదీ చెప్పాలి కదా.

చట్టం రావడం వేరు, ఊరికి చేరడం వేరు అన్నది మన జిల్లాలకి అమెరికా వచ్చి చెప్పక్కర్లేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి పోకూడదని 1959లోనే రెగ్యులేషన్ ఉంది. 1967 అక్టోబరులో లేవిడి దగ్గర గిరిజన సంఘం వాళ్లు కోరన్న, మంగన్న తూటాలకి పడిపోయేక, కొండలన్నీ అట్టుడికేక, 1970లో దాన్ని బిగించేరు, అదే మనం 1/70 అంటాం.

ప్ర: అమెరికాలో ఆడవాళ్లకి ఓటు మనకన్నా ముందొచ్చిందా, తర్వాతా? మా షాపులో పందెం వేసుకున్నాం.
(టైలరింగ్ షాపు నడిపే అక్క, గంటస్తంభం దగ్గర, విజయనగరం)

జ: పందెం ఎవరు గెలిచేరో మీరే తేల్చుకోండి అక్కా, ఎందుకంటే రెండూ రైటే. 1848లో సెనెకా ఫాల్స్ అనే ఊళ్లో సభ పెట్టి అడగడం మొదలెడితే 1920లో 19వ సవరణ వచ్చింది, ఆ సభలో కూర్చున్నవాళ్లలో దాదాపు అందరూ అప్పటికి పోయేరు. చివరికి టెనెస్సీ రాష్ట్రం ఒక్కటి ఒప్పుకుంటే చాలనే దగ్గర ఆగింది, అక్కడ 24 ఏళ్ల కుర్ర సభ్యుడు హ్యారీ బర్న్, వద్దనే గుంపులో ఉన్నవాడు, జేబులో వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఉంది, మంచి పిల్లాడిలా ఓటెయ్యి నాయనా అని, ఠక్కున అటు తిరిగి అవును అనేశాడు. కానీ దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్లకి పైన చెప్పిన పన్నూ పరీక్షా ఎలాగూ ఉన్నాయి కాబట్టి వాళ్లలో ఎక్కువమందికి 1920 అనేది కాగితమే, 1965 దాకా ఆగేరు. అక్కడి ఆదివాసులకి పౌరసత్వమే 1924లో ఇచ్చేరు, అరిజోనా, న్యూమెక్సికోల్లో ఓటు 1948 దాకా లేదు. మనకి 1951-52 ఎన్నికల్లో ఆడా మగా, చదువున్నా లేకపోయినా, అందరికీ ఒకేసారి. ఈ ఒక్క విషయంలో మనం కొంచెం కాలరెగరేసుకోవచ్చు.

ప్ర: మా అబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాడు. మొన్న ఫోన్లో ఈ నల్లవాళ్ల గొడవలతో మనకేం పని నాన్నా, మనం మెరిట్ మీద వచ్చినోళ్లం అన్నాడు. నిజమే అనిపించింది గానీ ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. మీరేమంటారు?
(జీడిపప్పు వ్యాపారి, పలాస)

జ: అయ్యా, బాబు మెరిట్ మీద మాకేం డౌటు లేదు, సంతోషం. కాకపోతే ఆ మెరిట్ 1917లో అయితే అక్కడ స్థిరపడడానికి పనికొచ్చేది కాదు. ఆ ఏడాది మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి విద్యార్థుల్లాంటి కొందరు తప్ప ఎవరూ రాకూడదని చట్టం చేసేరు. అప్పటికే అక్కడున్న భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల సైన్యంలోనే చేశాడు, పౌరసత్వం అడిగితే తెల్లవాళ్లకీ ఆఫ్రికా మూలం వాళ్లకీ తప్ప ఇవ్వం అన్నారు. అప్పుడాయన ఏం వాదించాడో తెలుసా, నేను అగ్రకులం ఆర్యుణ్ని, కాబట్టి తెల్లవాడినే అని! ఆయన తరఫు కాగితాల్లో ఇంకో మాట కూడా ఉంది, మీరు నీగ్రోని ఎలా చూస్తారో మా పెద్ద కులాలు కింది జాతుల్ని అలాగే చూస్తాయి అని, అంటే మనం మనం ఒకటే అని చెప్పుకోవడం. 1923లో సుప్రీంకోర్టు ఒక్క జడ్జి కూడా తేడా లేకుండా కాదు పొమ్మంది. తీర్పు రాసిన సదర్లాండ్ గారు ఇంగ్లండులో పుట్టి వలసొచ్చిన మనిషి, అది వేరే కథ. ఆ తర్వాత అంతకుముందు పౌరసత్వం వచ్చిన మనవాళ్ల దగ్గర కూడా తిరిగి లాక్కున్నారు.

1946లో కాస్త తలుపు తెరిచేరు, ఎంతమందికి అనుకున్నారు, ఇండియా మొత్తానికి ఏడాదికి 100. మీ పలాస రైల్వే స్టేషన్లో పొద్దున్న బండికి దిగేవాళ్లే అంతకన్నా ఎక్కువ. ఆ దేశాల వారీ కోటాల్ని ఎత్తేసింది 1965 చట్టం. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అదే అక్టోబరులో ఈ వలస చట్టం. పక్క పక్కనే ఉన్న తేదీలివి, జాతిని చూసి మనిషిని ఆపడం సిగ్గుచేటు అని దేశం చేత ఒప్పించడానికి సెల్మా అనే ఊళ్లో ఓటు కోసం ఊరేగింపుగా వెళ్లి వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు, అదే ఊపులో మనకీ గేటు తెరుచుకుంది. పేరు చూసి ఉద్యోగం ఇవ్వననడం, రంగు చూసి హోటల్లోంచి పొమ్మనడం బాబుకి ఎదురైతే ఈరోజు కేసు వెయ్యగలడంటే అది 1964 చట్టం వల్లే. బాబుని తిట్టకండి, మనం చెప్పలేదు కాబట్టి వాడికి తెలీదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు థిండ్ కేసు చదవమనండి చాలు.

ప్ర: రోజా పార్క్స్ అనే ఆవిడ పని చేసి అలిసిపోయి బస్సులో లేవలేదని, దాంతో పెద్ద ఉద్యమం వచ్చేసిందని మా పాపకి స్కూల్లో చెప్పారట. ఒక్కరు కూర్చుంటే అంత అయిపోతుందా?
(అంగన్‌వాడీ టీచరు, బొబ్బిలి)

జ: అవదమ్మా. అలా చెప్పడం నాకు అస్సలు నచ్చదు, పాపం అలిసిపోయిన ఆవిడ అనేసి ఆవిడ బుర్రని పక్కన పెట్టేస్తారు. రోజా పార్క్స్ అప్పటికి పన్నెండేళ్లుగా మాంట్‌గోమరీ ఊళ్లో నల్లజాతి హక్కుల సంఘానికి కార్యదర్శి, బట్టల షాపులో కుట్టుపని. ఆ ఊరి బస్సులో నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందకి దిగి, మళ్లీ వెనక తలుపు నుంచి ఎక్కాలి, ఈ లోపల డ్రైవరు బస్సు లాగించేసిన రోజులూ ఉండేవి. 1943లో అలా వెనక్కెళ్లనని ఆవిడ గొడవ పడితే దింపేసిన డ్రైవరే 1955 డిసెంబరు 1న కూడా డ్రైవరు! అలిసిపోయింది ఒళ్లు కాదు, లొంగి లొంగి విసిగిపోయేను అని తర్వాత ఆవిడే చెప్పుకుంది.

అంతకు తొమ్మిది నెలల ముందు మార్చి 2న అదే ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల గుంట లేవనంది, పోలీసులు ఈడ్చుకుపోయేరు. ఆ పిల్ల పేరు మీద ఉద్యమం కట్టడానికి పెద్దలు వెనకాడేరు, చిన్నపిల్ల, బీద ఇల్లు, తర్వాత గర్భవతి కూడా అయింది, నలుగురూ ఏమంటారో అని. ఉద్యమాల్లో కూడా ఇలాంటి లెక్కలుంటాయమ్మా, దాచి లాభం లేదు.

పార్క్స్ అరెస్టయిన రాత్రి అక్కడి కాలేజీలో ఇంగ్లీషు చెప్పే జో ఆన్ రాబిన్సన్ నిద్రపోకుండా సైక్లోస్టైల్ మిషను మీద వేలకి వేలు కరపత్రాలు తీసింది, సోమవారం బస్సెక్కొద్దు అని. ఒక్కరోజు అనుకున్నది 381 రోజులు సాగింది. బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడొంతులు నల్లవాళ్లే కాబట్టి కంపెనీ కుదేలయింది. వాళ్లు మొదట అడిగినవి ఎంత చిన్నవో చూడండి, మర్యాదగా మాట్లాడాలి, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి, అదీ మేం వెనకనుంచీ వాళ్లు ముందునుంచీ, మా వాళ్లని కొందరిని డ్రైవర్లుగా పెట్టాలి. ఇవీ ఇవ్వలేదు! ఇచ్చుంటే అక్కడితో ఆగిపోయేదేమో.

మన దగ్గర బస్సులు రెండ్రోజులు బందయితే విజయనగరం ఎలా వెళ్లాలి బాబోయ్ అంటాం, వాళ్లు ఏడాది పైగా నడిచేరు, అందులో ఎక్కువమంది తెల్లవాళ్ల ఇళ్లలో వంటా అంట్లూ చేసే ఆడవాళ్లు. నల్లవాళ్ల ట్యాక్సీలు బస్సు రేటుకే 10 సెంట్లకి ఎక్కించుకుంటే 45 సెంట్లకి తగ్గకూడదని సిటీ వాళ్లు పాత రూలు తీసేరు. చర్చీలు కార్లు కొని షేరింగ్ ఆటోల్లా తిప్పితే వాటికి ఇన్సూరెన్సు రద్దు చేయించేరు, లండన్ నుంచి తెచ్చుకోవాల్సొచ్చింది. మరి పెట్రోలుకి డబ్బులో? జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి చికెన్ వేపుళ్లు, కేకులు చేసి ఊరంతా అమ్మి ప్రతివారం సభలో డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది. ఎవరిచ్చారంటే పనిచేసే ఇళ్లలో తీసేస్తారని ఆ గుంపుకి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు, డబ్బెక్కడిది అంటే ఎక్కడిదీ కాదు! మన డ్వాక్రా అక్కలకి ఈవిడ కథ చెప్పాలని నాకెప్పట్నుంచో కోరిక. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ ఉద్యోగం పోతే ఇంట్లోనే వంట మొదలెట్టింది, కింగ్ కూడా అక్కడే తినేవాడు. ఈ బస్సు ఉద్యమాన్ని ముందుండి నడిపిన కింగ్‌కి అప్పటికి 26 ఏళ్లమ్మా, ఊరికి కొత్త. ఆయన ఇంటి మీద బాంబు కూడా వేసేరు.

చివరికి బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని 1956 నవంబరులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు వేసింది పార్క్స్ కాదు, వేరే నలుగురు ఆడవాళ్లు, వాళ్లలో ఒకతె పెద్దలు పక్కన పెట్టిన కాల్విన్, కోర్టులో బోనెక్కి సాక్ష్యం కూడా చెప్పింది. కానీ ఆ మార్చి నాటి అరెస్టులో పోలీసు మీద చెయ్యి చేసుకుందని ఆ పిల్ల మీద పెట్టిన కేసు రికార్డుల్లో అలాగే ఉండిపోయింది. దాన్ని కోర్టు కొట్టేసి కాగితాలు చెరిపెయ్యమని ఆర్డరిచ్చింది 2021లో. అప్పటికి ఆవిడకి 82 ఏళ్లు.